గ్యాలరీలో గంటకే అలసిపోతున్నారా? సమకాలీన కళా ప్రదర్శనను ఇలా చూడండి

సెలవు రోజు మూడు గంటలు కేటాయించుకుని వెళ్లినా గంటకల్లా కాళ్లు పీకేస్తున్నాయి, బయటికొచ్చాక ఏదీ గుర్తుండట్లేదు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. డబ్బు పెట్టి టికెట్ కొన్నాం కాబట్టి అన్నీ చూసేయాలనుకోవడమే దీనికి అసలు కారణం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సగం సందర్భాల్లో జనం ఒక్కో కళాకృతి ముందు ఆగింది 17 సెకన్లో, అంతకన్నా తక్కువో. అంత తక్కువసేపు చూస్తే ఏది మాత్రం గుర్తుంటుంది?

ముందు ఇరవై నిమిషాల్లో, ఎక్కడా ఆగకుండా, పక్కనుండే వివరాల లేబుళ్లు చదవకుండా గదులన్నీ ఒకసారి చుట్టి రండి. మనసు లాగిన నాలుగైదింటిని గుర్తుపెట్టుకోండి. ప్రదర్శనలో వీడియో కృతులుంటే వాటి నిడివి మాత్రం అప్పుడే చూసుకోండి. అవి ఆగకుండా తిరుగుతూ ఉంటాయి కాబట్టి మధ్యలో దూరితే తల, తోక తెలియదు. మళ్లీ మొదలయ్యేది ఎప్పుడో అక్కడి సిబ్బందిని అడిగి, ఆ వేళకి తిరిగి వెళ్లండి.

తర్వాత ఎంచుకున్న వాటి దగ్గరకే వెళ్లి, ఒక్కోదానికి పది నిమిషాలివ్వండి. గది అవతలి కొస నుంచి ఒకసారి, దగ్గరగా ఒకసారి, పక్క నుంచి ఇంకోసారి చూడండి. రంగు ఎంత మందంగా వేశారో, కుట్టు ఎక్కడుందో పక్క నుంచే తెలుస్తుంది. లేబుల్ ఆ తర్వాతే. ముందే చదివితే అందులో రాసినదాన్నే కళ్లు వెతుకుతాయి.

లేబుల్‌లో చాలామంది వదిలేసేది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, దేనితో చేశారో చెప్పే వరుస. అమెరికా కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన ఒక కృతి చూడ్డానికి రంగు కాగితాలు చుట్టిన మిఠాయిల కుప్ప. సందర్శకులు అందులోంచి తీసుకోవచ్చు. అది రాస్ చిత్తరువని దాని పేరే చెబుతుంది. రాస్ ఎయిడ్స్‌తో చనిపోయిన ఆయన జీవిత సహచరుడు. కుప్ప ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు, అని లేబుల్ చెబుతుంది. జనం తీసుకునే కొద్దీ, జబ్బుతో మనిషి చిక్కిపోయినట్టే, ఆ బరువు తగ్గుతుంది. ఆ వరుస చదవకపోతే మిఠాయి తిని వెళ్లిపోతాం!

తాకమని స్పష్టంగా రాసి ఉంటే తప్ప దేన్నీ తాకొద్దు. చేతి జిడ్డు, చెమటలోని ఉప్పు లోహం మీద కూడా మరకలు వేస్తాయి. వీపు సంచి లాకర్‌లో పెట్టండి, లేదా ముందుకు వేసుకోండి. వెనక్కి తిరిగినప్పుడు శిల్పానికి తగిలేది అదే. కాగితం మీద గీసిన బొమ్మల గదిలో వెలుతురు మసకగా, తరచూ 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గర, ఉంటుంది. ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయని అలా పెడతారు. కళ్లు అలవాటుపడేందుకు రెండు మూడు నిమిషాలు ఆగండి. ఫొటోకి అనుమతి ఉంటే ఫ్లాష్ ఆపి, బొమ్మ తర్వాత వెంటనే దాని లేబుల్‌నీ తీయండి, లేకపోతే ఇంటికెళ్లాక ఏది ఎవరిదో తేలదు.

మధ్యలో బయటికెళ్లి కాస్త కూర్చుని రావాలనుకుంటే, అదే టికెట్‌తో మళ్లీ రానిస్తారో లేదో లోపలికి వెళ్లేముందే అడగండి.