మిరప మోళ్లు అప్పుడే పీకొద్దు

ప్రశ్న: చలి తగ్గిందని పెరట్లో టమాటా నారు నాటాను. 12 రోజులైనా ఒక్క కొత్త ఆకు రాలేదు. ఆకుల అడుగున ఊదా రంగు తిరిగింది. నిరుటి మిరప మొక్కలేమో మోళ్లలా నిలబడ్డాయి. ఎరువు వేయమని ఒకరు, అన్నీ పీకేయమని ఒకరు. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దండీ. చలి మీకు తగ్గింది గానీ మట్టికి ఇంకా తగ్గలేదు. థర్మామీటరు ఉంటే పొద్దున్నే నాలుగు వేళ్ల లోతున గుచ్చి చూడండి. 10 డిగ్రీల దగ్గరుంటే టమాటా వేరు ముడుచుకునే ఉంటుంది. 15 దాటితే కదులుతుంది. మట్టిలో భాస్వరం ఉన్నా చల్లబడ్డ వేరు దాన్ని సరిగా లాగలేదు, ఆ ఊదా రంగు అందుకే. ఇప్పుడు ఎరువు వేస్తే నిద్రపోయేవాడి ముందు కంచం పెట్టినట్టే.

రాత్రిళ్లు నాలుగు పుల్లలు పాతి, ఆకులకు తగలకుండా పాత దుప్పటి కప్పండి. పొద్దున తీసేయడం మరవొద్దు. నీళ్లు పొద్దుటిపూటే, అదీ పైమట్టి ఆరితేనే. చలికి తడి తోడైతే నారుకుళ్లు వస్తుంది. కాండం మొదట్లో దారంలా సన్నబడి ఒరిగిన మొక్క ఇక లేవదు.

మిరప సంగతి. గోటితో బెరడు కాస్త గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి గీకి చూడండి. ఒక ఏడాది నేను ఓపిక పట్టలేక ఆరు మొక్కలు పీకి చెత్తకుప్పలో పడేశాను. వారం తర్వాత చూస్తే ఆ కుప్పలోనే ఒకటి కణుపు దగ్గర ఆవగింజంత చివురు పెట్టి ఉంది! ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గే. చివురు కనబడ్డాకే, దానికి కాస్త పైన కత్తిరించండి.

ఖాళీ మడి ఉంటే ముల్లంగి, పాలకూర, బఠానీ వేసుకోండి, వాటికి ఈ చల్లదనం లెక్కలేదు. బెండ విత్తనం మాత్రం ఇప్పుడు వేస్తే లోపలే కుళ్లుతుంది. తవ్వేముందు గుప్పెడు మట్టి పిసికి, బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడితే సరే. ముద్దగానే ఉంటే పార పక్కన పెట్టేయండి, తడిమట్టి తవ్వితే పెళ్లలు కట్టి కాపు అయ్యేదాకా వేధిస్తుంది.

మట్టి వేడెక్కి రెండు వారాలైనా కొత్త ఆకులు కూడా ఊదాగానే వస్తుంటే మళ్లీ రాయండి, అప్పుడు ఎరువు సంగతి చూద్దాం. పాత ఆకుల రంగు పట్టించుకోకండి.