థార్‌కు పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్: చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని కొంపల్లి. 2021లో మహీంద్రా థార్ కొన్నాను. కంపెనీ వేసిన టైర్ల సైజు 245/75 ఆర్16. సెలవు రోజుల్లో మిత్రులతో కలిసి వికారాబాద్ వైపు మట్టిదారుల్లో వెళుతుంటాను. 285/75 ఆర్16 టైర్లు, వాటితోపాటు బండి బాడీని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయిస్తే బండి ఎక్కడా ఆగదని ఒక మోడిఫికేషన్ షాపువారు చెబుతున్నారు. ఆర్.సి.లో టైరు సైజు ఉండదు కాబట్టి ఇబ్బంది రాదని, బిల్లు మాత్రం సర్వీసింగ్ పేరుతో ఇస్తామని అంటున్నారు. ఇది చట్టబద్ధమేనా? ఆర్టీఏ అనుమతి తీసుకోవచ్చా? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? దయచేసి తెలుపగలరు.

జవాబు: షాపువారు టైర్లను, లిఫ్ట్‌ను ఒకే ప్యాకేజీగా చెప్పారు గనుక రెండింటికీ ఒకే సమాధానం ఉంటుందని మీరు అనుకుని ఉండవచ్చు. చట్టం దృష్టిలో అవి వేర్వేరు పనులు. టైర్ల విషయంలో మీకు కొంత వెసులుబాటు ఉంది. లిఫ్ట్ విషయంలో లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యే విధంగా ఏ యజమానీ తన వాహనాన్ని మార్చకూడదు. వాహన నిర్మాణంలో జరిగి, దాని మౌలిక స్వరూపాన్ని మార్చేదే 'మార్పు' అవుతుందని అదే సెక్షన్ కింద ఒక వివరణ కూడా ఉంది. షాపువారి మాటకు ఏ కొంచెమైనా ఆధారం ఉందంటే అది ఈ వివరణలోనే ఉంది. సొంత కార్ల ఆర్.సి.లో టైరు సైజు రాయరన్న మాట నిజమే. ఆ వివరాన్ని రవాణా వాహనాల దరఖాస్తులో అడుగుతారు. అయితే కార్డు మీద లేనిదంతా మన ఇష్టానికి వదిలేశారని అర్థం చేసుకోకూడదు. ఏ మోడల్ అయినా అమ్మకానికి రావడానికి ముందు, కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 126వ నియమం ప్రకారం, దాని నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థల్లో పరీక్షించి ఆమోదం పొందాలి. ఆ ఆమోదం మీ బండికి దాని అసలు టైర్లు, స్ప్రింగులు, బ్రేకులతో కలిపి వచ్చినది. కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని, రాష్ట్ర నియమాలు సైతం 52వ సెక్షన్‌కు లోబడే ఉండాలని కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. ఆ తీర్పు తరువాత ఈ సెక్షన్‌ను ఉదారంగా చదివే అవకాశం బాగా తగ్గింది.

ముందు టైర్ల సంగతి చూద్దాం. మీ టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు. అదే థార్‌లో పై వేరియంట్‌కు కంపెనీయే ఇచ్చే 255/65 ఆర్18 టైరు వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు, అంటే రెండు శాతం లోపు తేడా. తయారీదారు ఆ మోడల్‌కు స్వయంగా ఇచ్చిన సైజు కాబట్టి, దానికి తగిన వీల్స్‌తో మీరు ఆ టైర్లకు మారితే అభ్యంతరం రాకూడదని నా అభిప్రాయం. ఉన్న సైజులోనే మట్టిదారులకు పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేసుకుంటే అసలు ప్రశ్నే లేదు. టైరు పక్కగోడ మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు సూచిక), స్పీడ్ గుర్తు (అది తట్టుకోగల వేగం) పాత టైరు కంటే తక్కువ కాకుండా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

షాపువారు చెప్పిన 285/75 ఆర్16 టైరు వ్యాసం సుమారు 834 మిల్లీమీటర్లు. మీ టైరు కంటే దాదాపు 8 శాతం పెద్దది, 40 మిల్లీమీటర్లు వెడల్పు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంత టైరు లోపలి భాగాలకు తగలకుండా ఉండేందుకే దానితోపాటు లిఫ్ట్ కూడా అవసరమని చెబుతారు. చక్రం పెద్దదైనప్పుడు మీటరు సరిచేయించకపోతే అది చూపే వేగం అసలు వేగం కంటే తక్కువగా ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద మీ మీటరులో ముల్లు 100 దగ్గర ఉంటే బండి 108 కిలోమీటర్ల దగ్గర పోతూ ఉంటుంది. స్పీడ్ గన్ కొలిచేది అసలు వేగాన్ని. చలానా వచ్చాక 'నా మీటరు వేగ పరిమితి లోపే చూపించింది' అని వాదిస్తే ఆ వాదనే మీ మార్పును ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇక లిఫ్ట్. స్ప్రింగులు మార్చినా, ఎత్తు పెంచే స్పేసర్లు (మధ్యలో పెట్టే దిమ్మలు) పెట్టినా బాడీ రెండంగుళాలు, అంటే సుమారు 50 మిల్లీమీటర్లు లేస్తుంది. పెద్ద టైర్ల వల్ల ఇంకో 30 మిల్లీమీటర్లు కలుస్తాయి. అసలే ఎత్తయిన వాహనం గురుత్వ కేంద్రం ఇంకా పైకి పోతుంది, మలుపుల్లో పక్కకు ఒరిగే స్వభావం పెరుగుతుంది, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఇది వాహన నిర్మాణంలో, మౌలిక స్వరూపంలో మార్పు కాదని ఏ న్యాయమూర్తి ముందైనా వాదించడం చాలా కష్టం. 52వ సెక్షన్ మినహాయింపులు ఇచ్చింది ఇంధనం మార్చే కన్వర్షన్ కిట్లకు, దివ్యాంగుల కోసం చేసే మార్పులకు, కేంద్రం ప్రత్యేక అవసరం కోసం ఇచ్చే అనుమతికి. షికారు కోసం వేసే లిఫ్ట్ కిట్ వీటిలో దేని కిందికీ రాదు. అందువల్ల ఖైరతాబాద్ వెళ్లినా, మీ పరిధిలోని ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లినా దీన్ని ఆర్.సి.లో ఎక్కించే దారి నాకు కనబడదు. ఎవరైనా డబ్బు తీసుకుని చేయిస్తామంటే నమ్మకండి.

శిక్ష విషయానికి వస్తే, 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 182ఎ(4) సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. టైర్లు ఒకటి, లిఫ్ట్ ఒకటిగా లెక్క వేసే అవకాశం ఉంది. వాహనం నిబంధనలకు అనుగుణంగా లేదనుకుంటే, మీ వాదన విన్న తరువాత, 53వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌ను తాత్కాలికంగా నిలిపివేసే అధికారం కూడా రిజిస్టరింగ్ అథారిటీకి ఉంది.

జరిమానా అయిదు వేలే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా ఆందోళన ప్రమాదం జరిగిన తరువాతి సంగతి గురించి. ప్రమాదంలో ఒకరు గాయపడితే, లేదా ప్రాణం పోతే, పోలీసులు బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌తో తనిఖీ చేయిస్తారు. టైరు పక్కగోడ మీది సైజు, స్పేసర్లు, బ్రేకుల స్థితి ఆయన నివేదికలోకి ఎక్కవచ్చు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల మరణం కేసు నడుస్తున్నప్పుడు ఆ నివేదిక ప్రాసిక్యూషన్ చేతిలో బలమైన సాక్ష్యం అవుతుంది. తప్పు ఎదుటి వాహనానిదే అయినా, మీ బండి స్థితి గురించిన ప్రశ్నలకు మీరే జవాబు చెప్పుకోవాలి.

ఇన్సూరెన్స్‌ను రెండుగా చూడాలి. థర్డ్ పార్టీ, అంటే ప్రమాదంలో నష్టపోయిన ఎదుటివారి, నష్టపరిహారం విషయంలో బీమా కంపెనీ తప్పించుకోవడానికి మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ కొద్దిపాటి కారణాలనే ఒప్పుకుంటుంది. అందులో ముఖ్యమైన విషయాన్ని దాచి పాలసీ తీసుకోవడం ఒకటి, వ్యవస్థీకృత రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కోసం వాడరాదన్న షరతును ఉల్లంఘించడం మరొకటి. బాధితుడికి డబ్బు చెల్లించి, తరువాత దాన్ని యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు కంపెనీలకు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. మీ సొంత బండి నష్టానికి వేసే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ పరిస్థితి ఇంకా సున్నితమైనది. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ ఫొటోల్లో అసలు సైజు కాని టైర్లు కనబడగానే క్లెయిమ్‌ను తిరస్కరిస్తూ లేఖ రావచ్చు. అటువంటప్పుడు ఆ మార్పుకూ ప్రమాదానికీ సంబంధం లేదని మీరు వాదించవచ్చు. ఆగి ఉన్న బండిని వెనుక నుంచి లారీ గుద్దితే ఆ వాదన నిలుస్తుంది. మలుపులో మీ బండే పల్టీ కొడితే నిలవదు. సొంత వాహనాన్ని అద్దెకు తిప్పిన ఒక కేసులో, పాలసీ షరతు ఉల్లంఘన జరిగినా నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోత వేసి, క్లెయిమ్‌లో 75 శాతం చెల్లించాలని సుప్రీంకోర్టు 2010లో అన్నది. దాన్ని మీరు ఉదహరించుకోవచ్చు. కానీ అంతవరకు వచ్చిన మనిషి అప్పటికే బండి బాగుచేయించిన బిల్లు తన జేబు నుంచి కట్టి, వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరుగుతూ ఉంటాడు. తిరస్కరణ లేఖ అందినవారు ముందుగా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, అక్కడ పరిష్కారం కాకపోతే ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌ను గానీ, రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌ను గానీ ఆశ్రయించవచ్చు.

సర్వీసింగ్ పేరుతో బిల్లు ఇస్తామన్న మాట దగ్గర మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చేసే పని చట్టబద్ధమైనదే అయితే దాని పేరు బిల్లు మీద రాయడానికి అభ్యంతరం ఎందుకుంటుంది? రేపు స్పేసర్ విరిగినా, బాల్ జాయింట్ పాడైనా, ఆ షాపు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే వారు వేసిన వస్తువు పేరు, ధర ఉన్న కాగితమే మీ ఆధారం. అది లేనప్పుడు మీరు వేయించుకున్నది లిఫ్ట్ కిట్ అని నిరూపించడమే కష్టమవుతుంది. పైగా, బీమా కంపెనీ దర్యాప్తులో అబద్ధపు బిల్లు బయటపడితే, మీరు ఉద్దేశపూర్వకంగా దాచారన్న వాదనకు అదే బలం. సస్పెన్షన్ సంబంధిత లోపాలకు వాహన కంపెనీ వారంటీని నిరాకరించే అవకాశం కూడా ఉంటుంది.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి చుట్టూ రిజర్వు ఫారెస్టు ఉందని కూడా గుర్తుంచుకోండి. తెలంగాణ అటవీ చట్టం, 1967 కింద అందులోకి అనుమతి లేకుండా ప్రవేశించడం వేరే నేరం. దానికి టైర్ల సైజుతో పని లేదు.

కాబట్టి మీరు చేయగలిగింది ఇది. అదే సైజులో ఆల్ టెరైన్ టైర్లు తీసుకోండి. అంతకు మించిన సైజు కావాలనిపిస్తే, మీ వాహనం మోడల్, తయారీ సంవత్సరం పేర్కొంటూ ఏయే సైజులు ఆమోదించబడ్డాయో షోరూమ్ నుంచి కాకుండా తయారీ కంపెనీ కస్టమర్ కేర్ నుంచి ఈమెయిల్ ద్వారా రాబట్టండి. ఆ జవాబును, టైర్ల పూర్తి బిల్లును జతచేసి బీమా కంపెనీకి తెలియజేసి, వారి సమ్మతిని రాతపూర్వకంగా అడగండి. లిఫ్ట్ కిట్‌కు అడ్వాన్సు ఇచ్చి ఉంటే, పని మొదలు కాకముందే రద్దు చేస్తున్నట్టు వాట్సాప్‌లోనైనా రాసి పంపి, ఆ సందేశాన్ని భద్రపరచుకోండి. డబ్బు తిరిగి ఇవ్వకపోతే నోటీసు పంపేందుకు అది సరిపోతుంది.