అమెరికా దక్షిణాది చిన్న ఊళ్లలో బతుకు నిజంగానే నిదానంగా, హాయిగా ఉంటుందా?

న్యూజెర్సీ నుంచి దక్షిణాది రాష్ట్రమైన మిసిసిపీలో చిన్న ఊరికి ఉద్యోగం మారాలా వద్దా అని మీరు అడిగారు. నేను మిసిసిపీలోనే స్టార్క్‌విల్ అనే చిన్న ఊళ్లో ఎమ్మెస్ చేసి, తర్వాత కొన్నేళ్లు అక్కడే పనిచేశాను. నన్నడిగితే వెళ్లమనే చెబుతాను.

అక్కడ నిదానమంటే పనులు జరగవని కాదు, పనికి ముందు పలకరింపు ఉంటుందని. బ్యాంకులో మన ముందున్న పెద్దావిడ మనవరాలి పెళ్లి కబుర్లు చెబుతుంటే, కౌంటర్‌లో అమ్మాయి చేతిలో పని ఆపి వింటుంది. వెనక నలుగురం నిలబడి ఉన్నా ఎవరూ విసుక్కోరు. మన వంతు వచ్చాక మనల్నీ అంతే ఆప్యాయంగా అడుగుతుంది, అమ్మావాళ్లు ఎలా ఉన్నారు, ఇండియా ఎప్పుడు వెళ్తున్నారు అని. పోయినసారి మనం చెప్పింది గుర్తుపెట్టుకుని మరీ అడుగుతుంది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. చనిపోయినవాళ్లను తీసుకెళ్లే కార్లు హెడ్‌లైట్లు వేసుకుని వరసగా వస్తుంటే, ఎదురుగా వెళ్లేవాళ్లు కూడా తమ కార్లు పక్కకి తీసి ఆపేస్తారు. పోయిందెవరో తెలియక్కర్లేదు. చివరి కారు దాటిపోయేదాకా ఎవరూ కదలరు. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

వీలైతే నాచెజ్ ట్రేస్ పార్క్‌వే అనే రోడ్డు మీద ఒకసారి వెళ్లండి. మిసిసిపీలోని నాచెజ్ ఊరి నుంచి టెనెసీలోని నాష్‌విల్ దగ్గరి వరకు 444 మైళ్లు. చాలామటుకు గంటకు 50 మైళ్లు దాటకూడదు, సరుకు లారీలను రానివ్వరు, రోడ్డు పక్కన ప్రకటనల బోర్డులుండవు. చెట్ల మధ్య అలా పోతూనే ఉండొచ్చు.

నాచెజ్‌లో పెద్ద స్తంభాల భవంతులుంటాయి. 1932 నుంచి వసంతకాలంలో వాటిని జనానికి తెరిచి చూపిస్తున్నారు. చాలా అందంగా ఉంటాయి, కానీ వాటి వెనకున్నది బానిసల చేత పండించిన పత్తి డబ్బు. ఆ ఊళ్లోనే 'ఫోర్క్స్ ఆఫ్ ద రోడ్' అనే చోట మనుషుల్ని అమ్మిన సంత ఉండేది. భవంతులు చూసి ఆ చోటు చూడకుండా రావడం నాకు న్యాయమనిపించదు. ఆ నీడ ఇప్పటికీ పోలేదు. ఊళ్లో నల్లవాళ్లుండే వీధులు, తెల్లవాళ్లుండే వీధులు ఎలా ఉన్నాయో గమనిస్తే మీకే తెలుస్తుంది.

ఇక తిండి. మీరు శాకాహారులైతే హోటల్లో చిక్కుడు గింజలు, ఆకుకూర కనబడగానే సంబరపడకండి, చాలాచోట్ల పంది మాంసం వేసి వండుతారు. అడిగితే విసుక్కోకుండా చెబుతారు. రోడ్డు పక్కన ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు మాత్రం అచ్చం మన ఇంట్లో రుచే.

కారు లేకుండా ఒక్కరోజు కూడా గడవదు. కందిపప్పు, చింతపండు లాంటివి పక్క రాష్ట్రాల్లోని పెద్ద ఊళ్లు బర్మింగ్‌హామ్ వైపో మెంఫిస్ వైపో వెళ్లినప్పుడు నెలకు సరిపడా తెచ్చుకునేవాళ్లం. చర్చికి రమ్మని పిలుస్తారు, కంగారు పడకండి. రాలేనని నవ్వుతూ చెబితే సరిపోతుంది, మర్నాడు మళ్లీ మామూలుగానే పలకరిస్తారు. ఇల్లు మాత్రం ఊళ్లోనే, నడిచి తిరిగే వీధిలో చూసుకోండి. హైవే పక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇవేవీ మీ కంటపడవు.