హిల్ట్ వాడారు సరే, ఎందుకు వాడారు?

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. కాట్లిన్‌లో కాలేజీ బస్సుల టైమింగ్స్ చూపే ఆండ్రాయిడ్ యాప్ చేశాను. ఇంటర్వ్యూలో 'వ్యూమోడల్‌ని (స్క్రీన్‌కు కావాల్సిన డేటాను ఉంచే క్లాసు) మీరే ఎందుకు క్రియేట్ చేసుకోలేదు, హిల్ట్ (క్లాసులకు కావాల్సినవి తయారు చేసి అందించే లైబ్రరీ) ఎందుకు పెట్టారు?' అని అడిగితే నోరు పెగల్లేదు. ఆండ్రాయిడ్ మానేసి వేరే కోర్సులో చేరమంటారా?
- ఓ విద్యార్థి, ఒంగోలు

జవాబు: వద్దు, కోర్సు మార్చకండి. మీరు సొంతంగా యాప్ చేశారు కాబట్టే సంభాషణ ఈ ప్రశ్న దాకా వచ్చింది. మాక్ ఇంటర్వ్యూల్లో నేను చూసేవాళ్లలో చాలామంది వీడియో చూస్తూ యానొటేషన్లు (కోడ్‌లో @తో మొదలయ్యే గుర్తులు) పెట్టేస్తారు. యాప్ పనిచేస్తుంది, దాంతో 'ఎందుకు' అన్నది అడగకుండానే ముందుకు వెళ్లిపోతారు. మీకు మిగిలింది ఆ ఒక్క ముక్కే.

పెళ్లిలో వంటమేస్త్రి సరుకులు కొనడానికి బజారుకు వెళ్లడు. చిట్టా రాసిస్తాడు, పెళ్లివారు తెప్పించి పెడతారు. డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటే ఇదే. మీ బస్సుల వ్యూమోడల్‌కు రిపాజిటరీ, అంటే డేటా తెచ్చిచ్చే క్లాసు, కావాలి. ఆ రిపాజిటరీకి నెట్ నుంచి డేటా తెచ్చే రెట్రోఫిట్, దాన్ని ఫోన్‌లో దాచే రూమ్ కావాలి. వీటన్నిటినీ వ్యూమోడల్ తనలోనే తయారు చేసుకుంటే, ఇంటర్నెట్ లేకుండా దాన్ని టెస్ట్ చేయడం కుదరదు. కన్‌స్ట్రక్టర్‌లో 'నాకు రిపాజిటరీ ఇవ్వండి' అని అడిగితే మాత్రం, టెస్ట్‌లో నకిలీ రిపాజిటరీ ఇచ్చి సరిపెట్టవచ్చు.

ఇంతవరకు ఏ క్లాసుకైనా వర్తిస్తుంది. వ్యూమోడల్ దగ్గర ఇంకో చిక్కు ఉంది, ఇంటర్వ్యూ చేసినాయన అడిగింది దాని గురించే. ఫోన్ అడ్డంగా తిప్పితే ఆండ్రాయిడ్ మామూలుగా యాక్టివిటీని (యాప్‌లో ఒక స్క్రీన్‌ను నడిపే క్లాసు) పడేసి కొత్తది తెస్తుంది. వ్యూమోడల్ మాత్రం బతికుండాలి. యాక్టివిటీ మొదలవగానే నడిచే ఆన్‌క్రియేట్‌లో మీరే నేరుగా వ్యూమోడల్‌ని సృష్టిస్తే, తిప్పిన ప్రతిసారీ కొత్తది పుడుతుంది, లోడైన బస్సుల లిస్టు పోతుంది. అందుకే దాన్ని, పాతది ఉంటే అదే తిరిగిచ్చే వ్యూమోడల్ ప్రొవైడర్ ద్వారా తీసుకోవాలి. ఆ ప్రొవైడర్‌కేమో మీ రిపాజిటరీని ఎలా తయారు చేయాలో తెలియదు. కన్‌స్ట్రక్టర్‌లో రిపాజిటరీ అడిగి, ఏ ఏర్పాటూ చేయకపోతే యాప్ క్రాష్ అవుతుంది. ఎలా తయారు చేయాలో చెప్పే ఫ్యాక్టరీ ఒకటి మీరు రాసివ్వాలి. వ్యూమోడల్ 2017లో వచ్చింది. హిల్ట్‌ని గూగుల్ 2020లో, డాగర్ అనే పాత డిపెండెన్సీ ఇంజెక్షన్ లైబ్రరీ మీద కట్టి, ప్రకటించింది. ఈ మధ్యలో డెవలపర్లు ఆ ఫ్యాక్టరీలను చేత్తో రాసుకున్నారు, లేదా డాగర్‌తో కుస్తీ పట్టారు. ఇప్పుడు హిల్ట్‌వ్యూమోడల్ యానొటేషన్ పెడితే ఆ పని హిల్ట్ చూసుకుంటుంది. మీరు చెప్పాల్సిన జవాబు ఇదే.

బట్టీ పట్టొద్దు, చేసి చూడండి. గిట్‌లో కొత్త బ్రాంచ్ తీసి అందులో హిల్ట్ మొత్తం తొలగించండి. అప్లికేషన్ క్లాసులో రిపాజిటరీని ఒక్కసారి తయారు చేసి, ఫ్యాక్టరీ మీరే రాయండి. ముందు ఫ్యాక్టరీ లేకుండా రన్ చేసి ఆ క్రాష్ కళ్లారా చూడండి, లాగ్‌క్యాట్‌లో (యాప్ నడుస్తున్నప్పటి సందేశాలు చూపే విండో) ఎర్రర్ చదవండి. నాలుగైదు రోజుల పని. ఆ తర్వాత హిల్ట్ మళ్లీ పెడుతుంటే ప్రతి యానొటేషన్ ఎందుకుందో మీకే తెలుస్తుంది. చివరగా, నెట్ లేనప్పుడు స్క్రీన్ మీద ఏం కనిపించాలో నకిలీ రిపాజిటరీతో ఒక టెస్ట్ రాయండి.

దీని తర్వాత సాధారణంగా వచ్చే ప్రశ్న: వ్యూమోడల్‌లో యాక్టివిటీ కాంటెక్స్ట్, అంటే ఆ యాక్టివిటీనే సూచించే రిఫరెన్స్, దాచవచ్చా? దాచకూడదు. యాక్టివిటీ పోయినా వ్యూమోడల్ దాన్ని పట్టుకునే ఉంటుంది, మెమరీ లీక్ అవుతుంది. హిల్ట్ లాంటి మరో లైబ్రరీ కాయిన్‌తో తేడా కూడా అడగవచ్చు. హిల్ట్‌లో ఏదైనా ఇవ్వడం మరిచిపోతే కంపైల్ సమయంలోనే తెలుస్తుంది. కాయిన్‌లో మామూలుగా యాప్ నడుస్తున్నప్పుడు బయటపడుతుంది. కానీ ఐఫోన్‌కూ కలిపి కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌లో చేసే టీములకు కాయిన్ పనికొస్తుంది, హిల్ట్ ఆండ్రాయిడ్‌కే పరిమితం.

రెజ్యూమెలో స్కిల్స్ కింద 'హిల్ట్' అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ప్రాజెక్టు దగ్గరే 'నకిలీ రిపాజిటరీతో వ్యూమోడల్ టెస్టులు రాశాను' అని రాసి, గిట్‌హబ్ లింక్ ఇవ్వండి. అప్పుడు ఇంటర్వ్యూలో ప్రశ్నలు మీరు చేసిన పని మీదే ఎక్కువగా వస్తాయి.