ముఖం పోలిక లేకుండా మన బొమ్మ మనం గీసుకోవడం

"అద్దంలో కనిపించే ముఖం కాదు, నేనెవరో తెలిసేలా నా బొమ్మ నేనే గీసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. బట్టలు కుడతాను, తీరిక దొరికితే బొమ్మలు వేస్తాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు మీ చెయ్యి రోజూ దేని మీదికి వెళ్తుందో గమనించండి. పావురం, రెక్కలు, దీపం లాంటివి వద్దు. అవి ఎవరి బొమ్మలో పెట్టినా నప్పుతాయి, అందుకే ఎవరి గురించీ ఏమీ చెప్పవు. నేను ఎంచుకున్నది కొలతల నోటుబుక్కు. నేను చదివింది ఒడియా మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అందుకని "చేతులు కాస్త వదులు", "వెనక మెడ లోతు" అని తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లో రాసుకుంటాను. మా వైపు ఇలా రాసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పేజీని అక్షరాలు చదవగలిగేంత పెద్దగా గీశాను. నేను మాత్రం మెడలో టేపుతో, మిషను ముందు అటు తిరిగి కూర్చున్నాను.

సరిహద్దు ఊరు కదా, ముఖాన్ని నిలువునా విడదీసి ఇటు తెలుగు, అటు ఒడియా అని చూపించమని కొందరు సలహా ఇస్తారు. నాకది అస్సలు నచ్చదు. మా ఇంట్లో రెండు భాషలూ ఒకే వాక్యంలో కలిసిపోయి వస్తాయి, మధ్యలో గీత ఎక్కడ గీయను? మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో 1932లో మెక్సికో, అమెరికా సరిహద్దు మీద నిలబడినట్టు తన బొమ్మ వేసుకుంది. ఒక పక్క పాత గుడి శిథిలాలు, వేళ్లతో సహా మొక్కలు. ఇంకో పక్క ఫ్యాక్టరీ పొగగొట్టాలు. రెండుగా ఉన్నది చుట్టూ ఉన్న లోకం. చేతిలో మెక్సికో జెండా పట్టుకుని ఆవిడ నిండు మనిషిగానే నిలబడింది. ఇక డచ్ చిత్రకారుడు వాన్ గోగ్ 1888లో తన కుర్చీ గీసి, దాని మీద పైపు, పొగాకు పెట్టాడు. మనిషి లేకపోయినా అది ఆయన బొమ్మే అనిపిస్తుంది నాకు.

నేను ఎక్కువ నేర్చుకున్నది మాత్రం దగ్గర్లోనే. మా గజపతి జిల్లాలో, పక్కన రాయగడలో సవర గిరిజనుల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా ఇడితాల్ బొమ్మలు వేస్తారు. అందులో మనుషులకు కళ్లూ ముక్కూ ఉండవు. ఎవరు గుర్రమెక్కారు, ఎవరు బరువు మోస్తున్నారు, ఎవరి పక్కన ఎవరున్నారు, వీటితోనే మనకు విషయం అందుతుంది. అయితే అవి దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేసేవి. ఆ బొమ్మల్ని ఎత్తి మన కాగితం మీద పెట్టుకోవడం తప్పు. చూసే పద్ధతి నేర్చుకుంటే చాలు.

పోస్టుకార్డు సైజులో పెన్సిల్ స్కెచ్‌లు కొన్ని వేసి, ఒక్కోదాంట్లో ఒక్కో వస్తువు తీసేసి చూడండి. నా బొమ్మలో కత్తెర తీసేసినా నేను నేనే. నోటుబుక్కు తీసేస్తే మాత్రం అక్కడ కూర్చున్నది ఏ ఊరి టైలరైనా కావచ్చు. మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్లకు పేరు చెప్పకుండా చూపించండి కూడా. మా వదిన ఆ పేజీ చూడగానే నన్ను గుర్తుపట్టింది.

ముఖం కూడా గీయాలనిపిస్తే గీయండి, కానీ అన్నిటికంటే చివర్లో. ముందే మొదలుపెడితే కళ్లు కుదిరాయా, ముక్కు కుదిరిందా అన్న టెన్షన్‌లోనే కాగితం నిండిపోతుంది, మిగతావాటికి చోటు ఉండదు.