కిట్ కొనేముందు బీరువా వెతకండి

నెలాఖరుకి చేతిలో మిగిలేది కొంచెమే, క్రోషే (కొక్కెం ఉన్న హుక్కుతో ఊలు అల్లడం), ఎంబ్రాయిడరీ రెండూ నేర్చుకోవాలని ఉంది, పెద్ద కిట్ ఒకటి కొనెయ్యమంటారా అని అడిగారు. వద్దండీ. ఈ రెండు పనులూ ఆరేళ్లుగా చేస్తున్నాను. మొదటి రెండేళ్లు నా పరిస్థితీ మీలాంటిదే. అప్పుడు తెలుసుకున్నవే రాస్తున్నాను.

నేనూ మొదట కిట్టే కొన్నాను. పన్నెండు సైజుల హుక్కులు, పాతిక రంగుల్లో చిట్టి చిట్టి ఊలు ఉండలు. చూడటానికి ఎంతో బాగుంది. కానీ ఏ రంగూ ఒక వస్తువు పూర్తయ్యేంత లేదు, రెండు పువ్వులు అల్లేసరికి ఉండ అయిపోయేది. ఆ హుక్కుల్లో ఇప్పటికీ నేను వాడేవి రెండే. ఒక మంచి 5 మిల్లీమీటర్ల హుక్కు, ఒక 100 గ్రాముల ఉండ కొనుక్కుని ఉంటే అంతకంటే ఎక్కువ నేర్చుకునేదాన్ని, డబ్బూ మిగిలేది.

రెంటిలో క్రోషేతో మొదలుపెట్టండి. అల్లింది నచ్చకపోతే కొస పట్టుకుని లాగితే చాలు, ఊలంతా మళ్లీ చేతికొచ్చేస్తుంది. పాడైపోతుందన్న భయం లేదు. నేను ఒకే ఒక్క ఉండతో రెండు నెలలు నేర్చుకున్నాను. చదరం అల్లడం, విప్పడం, గుండ్రం అల్లడం, మళ్లీ విప్పడం. ఆ రెండు నెలలూ నాకు ఇంకేమీ కొనాలనిపించలేదు, ప్రతి రాత్రీ ఆ ఉండ కోసమే ఎదురుచూసేదాన్ని. లేత రంగు తీసుకోండి, నలుపు, ముదురు నీలం అయితే అల్లిక కంటికి ఆనదు. లేబుల్ మీద 4 అంకె ఉంటే మధ్యరకం మందం, కొత్త చేతికి అదే హాయి. నూగు నూగుగా ఉండే ఊలు జోలికి ఇప్పుడే వెళ్లకండి, విప్పబోతే ముడులు పడుతుంది.

కొనేటప్పుడు గ్రాములు కాదు, మీటర్లు చూడండి. రెండూ 100 గ్రాముల ఉండలే అయినా ఒకదాంట్లో 200 మీటర్లు, ఇంకోదాంట్లో 300 మీటర్లు ఉండొచ్చు. అల్లిక నడిచేది పొడవు మీద. పెద్ద పని పెట్టుకుంటే ఊలంతా ఒకేసారి, లేబుల్ మీద ఒకే డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబరు) ఉన్నది తెచ్చుకోండి. నాకు ఒక శాలువా సగంలో ఊలు అయిపోతే అదే కంపెనీ, అదే రంగు మళ్లీ తెచ్చాను. లాట్ వేరు. అల్లాక మధ్యలో గీత గీసినట్టు తేడా కనపడింది. అంతా విప్పి, కలిసేచోట పాత ఊలుతో ఒక వరస, కొత్తదానితో ఒక వరస చొప్పున అల్లితేగానీ ఆ గీత కలిసిపోలేదు.

ఇక అసలు విషయం, పాత స్వెటర్లు. ఎవరూ వేసుకోని స్వెటర్ ఇంట్లో ఒకటి ఉంటే మీకు ఊలు ఉన్నట్టే. కాకపోతే ముందు తిరగేసి పక్క అతుకులు చూడాలి. అంచు కత్తిరించి దాని మీద ఓవర్‌లాక్ కుట్టు (పోగులు ఊడకుండా మెషీన్‌తో అంచు చుట్టూ వేసే కుట్టు) వేసి ఉంటే వదిలేయండి, విప్పితే వరసకో ముక్క వస్తుంది. అంచు తెగకుండా జడలా నీటుగా కనిపిస్తే అది విప్పడానికి పనికొస్తుంది. ఉతికి ఉతికి గట్టిపడి దళసరి గుడ్డలా అయిపోయిన ఊలు మాత్రం విడిరాదు.

ముందు అతుకు దారాన్ని ఓపిగ్గా కోసి భాగాలు విడదీయాలి. ఎక్కువగా కింది నుంచి పైకి అల్లుతారు కాబట్టి మెడ దగ్గర కొస వెతకండి. అది దొరికాక లాగుతుంటే వరసలు టకటకా ఊడివస్తుంటాయి, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. వచ్చిన ఊలుని కుర్చీ వీపుకి చుట్టి, చిలపలా తీసి, నాలుగు చోట్ల వదులుగా కట్టండి. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో నొక్కి, నీడన వేలాడదీస్తే విప్పిన ఊలులో మిగిలే వంకీలన్నీ చాలావరకు సాగిపోతాయి. అక్రిలిక్ (కృత్రిమ ఊలు) అయితే కొంచెం మొండిగా ఉంటుంది, అలాగని ఇస్త్రీ పెట్టె ఆనించకండి, వేడికి జీవం పోయి శాశ్వతంగా చచ్చుబడుతుంది. నేను విప్పిన మొదటి పెద్దవాళ్ల స్వెటర్ నుంచి 400 గ్రాములకు పైనే వచ్చింది. దానితో అల్లిన శాలువా ఇప్పటికీ కప్పుకుంటున్నాను.

ఎంబ్రాయిడరీకి ఇంకా తక్కువే అవుతుంది. మామూలు దారం చిలప 8 మీటర్లు ఉంటుంది, దానిలో ఆరు పోగులు. రెండేసి పోగులతో కుడితే అది 24 మీటర్ల దారం. పోగుల్ని ఒక్కొక్కటిగా బయటికి లాగి తర్వాత జత చేయండి, రెండూ కలిపి లాగితే చిక్కుపడి సగం వృథా. మూరెడు చాలు, పొడుగు తీసుకుంటే గుడ్డలోంచి వెళ్లి వెళ్లి నూగు లేస్తుంది. గుడ్డ మాత్రం కొనకండి. పాత నూలు దుప్పటి, దిండు గలీబు కొత్తదానికంటే నయం, కుంచించుకుపోవలసినది ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది. డిజైన్ ఎక్కించడానికి పగటిపూట డిజైన్ కాగితం, దాని మీద గుడ్డ కిటికీ అద్దానికి ఆనిస్తే చాలు, గీతలు కనిపిస్తాయి.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలంటే, కత్తెర మీద. ఒకటే, మంచిది. దానితో కాగితం కోయకండి, ఇంట్లో ఎవర్నీ కోయనివ్వకండి, పదును పోతుంది. రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) పని కూడా చేయాలని ఉందన్నారు కదా, దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి. పోసిన రెజిన్ గట్టిపడితే వెనక్కి రాదు, తప్పు జరిగిన ప్రతిసారీ మళ్లీ కొనాలి. గ్లవ్స్, గాలి బాగా ఆడే గది కూడా కావాలి.

ఈ వారం ఏమీ కొనకుండా బీరువా అడుగు అర చూడండి. స్వెటర్ ఏదైనా దొరికితే లోపలి అతుకు ఎలా ఉందో రాయండి, విప్పొచ్చో లేదో చెబుతాను.