జీపుకి డీజిల్ ఇంజిన్: ముందు ఆ పాత ఇంజిన్ అమ్మకండి

ప్రశ్న: లాయరుగారూ, మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా నాన్నగారి మహీంద్రా జీపు ఒకటి మా ఇంట్లో ఉంది. 1968లో రిజిస్టరైన పెట్రోలు బండి. 96 తుపాను మర్నాడు ఊళ్లో దెబ్బలు తగిలినవాళ్లని నాన్న ఆ జీపులోనే ఆసుపత్రికి చేర్చారు. ఆయన 2021లో పోయారు. పోయేముందు "దీనికి డీజిల్ ఇంజిన్ వేయించరా, అమ్మకు మాత్రం అమ్మకు" అన్నారు. ఆ మాట కోసమే సామాన్లు పోగేస్తున్నాను. విజయవాడలో పాత సామాన్లు అమ్మే ఒక వ్యాపారితో లక్షా నలభై వేలకు బేరం కుదిరింది. ప్యూజో డీజిల్ ఇంజిన్, నాలుగు గేర్ల గేర్‌బాక్సు, ఆ రెండిటినీ కలిపే బెల్ హౌసింగు, అడాప్టర్ ప్లేటు అతను ఇవ్వాలి. 2024 ఫిబ్రవరిలో 60,000 ఫోన్‌పే చేశాను, మార్చిలో 80,000 చేతికిచ్చాను. తెల్లకాగితం చీటీ తప్ప బిల్లు లేదు. మేలో ఇంజిన్ ఒక్కటే వచ్చింది. దాని మీద నంబరు ఉండాల్సిన చోట గ్రైండరుతో అరగదీసినట్టు ఉంది. మిగతావి 2025 సంక్రాంతికి పంపుతానని వాట్సాప్‌లో పెట్టి పంపలేదు. గట్టిగా అడిగితే "మీ ఆర్సీలో ఉన్న నంబరే దాని మీద కొట్టించేయండి, మనిషిని నేను పంపుతా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. మెకానిక్ పాత ఇంజిన్ దింపేశాడు. అది కొబ్బరి షెడ్డులో ఉంది, పాత ఇనుము కొనేవాడు అడుగుతున్నాడు. ఆర్సీ ఇంకా నాన్న పేరు మీదే ఉంది. వ్యాపారి మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? ఊళ్లో, ఏటిగట్టు మీద మాత్రమే తిప్పుకుంటే పర్మిషన్ కావాలా? మా చుట్టుపక్కల జీపులు కొన్నింటికి ఆర్సీలోనే డీజిల్ అని ఉంది కదా, మాకెందుకు ఇవ్వరు?

జవాబు: మీ నాన్నగారి మాట గురించి నేనేమీ రాయను. వ్యాపారి మంచివాడా చెడ్డవాడా అన్నది కూడా తర్వాతి సంగతి. మీ వ్యవహారాన్ని తేల్చేది ఒక్కటే. మీ ఆర్సీలో రాసి ఉన్న ఇంజిన్ నంబరు ఏ ఇంజిన్ మీద ఉంది? కొబ్బరి షెడ్డులో పడి ఉన్న పాత పెట్రోలు ఇంజిన్ మీద ఉంది. మీరు ఇనుము ధరకు తీసేద్దామనుకుంటున్నది దాన్నే. అది కాటా ఎక్కిన రోజు నుంచి మీ జీపుకి ఆర్సీలో ఒక ఇంజిన్, చాసిస్ మీద ఇంకొకటి. ఈ తేడాకి మీ దగ్గర ఏ కాగితమూ ఉండదు. కాబట్టి ఈ జవాబు చదవడం పూర్తిచేసేలోపే పాత ఇనుము కొనేవాడికి వద్దని చెప్పండి. షెడ్డుకి తాళం వేయండి.

ఇప్పుడు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసిన కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్సీలోని వివరాలు మారిపోయేలా యజమాని బండిని మార్చకూడదు. మీ ఆర్సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఇంధనం, ఇంజిన్ సామర్థ్యం, ఖాళీ బండి బరువు అందులో ఉంటాయి. మీరు తలపెట్టిన పనితో ఈ నాలుగూ మారతాయి. ఇంధనం మార్చుకోవడానికి చట్టం ఒక దారి ఇచ్చింది కానీ అది నిబంధనలకు లోబడిన కన్వర్షన్ కిట్‌తో చేసే మార్పుకి. పాత సామాన్ల కొట్లో దొరికిన ఇంజిన్ అలాంటి కిట్ కాదు. 2019 జనవరి 9న, కేరళ నుంచి వచ్చిన ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో, సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. ఒక రాష్ట్రం నిబంధన వేరుగా ఉన్నా కంపెనీ వివరాలకు విరుద్ధమైన మార్పును రిజిస్టర్ చేయడం కుదరదని చెప్పింది. అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి 182ఎ సెక్షన్ చేర్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మరి పక్క ఊరి జీపుల ఆర్సీల్లో డీజిల్ అని ఎలా ఉంది? 52వ సెక్షన్‌ను 2000లో మార్చారు. ఆ ఏడాది ఆగస్టు 11 నుంచి ఇప్పటి రూపం అమల్లోకి వచ్చింది. అంతకుముందు రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆమోదం తీసుకుంటే మార్పు చేసుకోవడానికి వీలుండేది. ఎనభైల్లో, తొంభైల్లో పెట్రోలు జీపులకి డీజిల్ ఇంజిన్లు వేయించి ఆర్సీలో ఎక్కించుకున్నవాళ్లు అలా ఎక్కించుకున్నారు. ఇంకొన్ని కంపెనీ నుంచే డీజిల్‌తో వచ్చిన బళ్లు. మీరు పోల్చి చూపిస్తున్న జీపు ఈ రెండిట్లో ఏదైనా అది మీకు సాక్ష్యంగా పనికిరాదు.

ఏటిగట్టు మీద మాత్రమే అన్న మాట కూడా నిలవదు. జనానికి రాకపోకల హక్కున్న ఏ దారినైనా చట్టం బహిరంగ స్థలంగానే చూస్తుంది. గట్టు మీద సైకిలు మీద పోయేవాడికి మీ జీపు తగిలితే ఏమవుతుందో ఆలోచించండి. బీమా కంపెనీవాళ్లు మొట్టమొదట ఇంజిన్ నంబరే చూస్తారు. ఆర్సీలో పెట్రోలు, బానెట్ కింద డీజిల్. మీ బండి నష్టానికి వాళ్లు పైసా ఇవ్వకపోవచ్చు. దెబ్బతిన్నవాడికి కోర్టు పరిహారం ఇప్పించినా, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకుంటామని కంపెనీ వాదిస్తుంది. మీ కొబ్బరి తోట అమ్మినా తీరని బాకీ కావచ్చు అది.

ఇక నంబరు కొట్టించే విషయం. దీని మీద చాలా స్పష్టంగా చెప్తున్నాను. ఆ పని చేయకండి. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా చేయకండి. అరగదీసిన నంబరు మళ్లీ బయటపడదని అనుకుంటారు. నంబరు కొట్టినప్పుడు ఆ దెబ్బ లోపలి లోహం దాకా దిగుతుంది. పైన అరగదీసినా, ఫోరెన్సిక్ లాబొరేటరీలో యాసిడ్ రసాయనాలతో రుద్ది చాలాసార్లు పాత అంకెల్ని పైకి తెస్తారు. అప్పుడు కింద ఒక నంబరు, పైన మీ నాన్నగారి ఆర్సీ నంబరు కనిపిస్తాయి. ఇప్పటికైతే మీరు మోసపోయిన కొనుగోలుదారు. ఆ సుత్తి దెబ్బతో ఫోర్జరీ కేసులో ముద్దాయి అవుతారు. ఒకవేళ ఆ ఇంజిన్ దొంగబండిదైతే, దొంగసొత్తు అని తెలిసీ, లేదా నమ్మడానికి కారణం ఉండీ ఉంచుకున్నందుకు భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ ఉంది. మూడేళ్ల వరకు శిక్ష. తెలియదన్న మాట ఇప్పుడు మీరు చెప్పగలరు. నంబరు కొట్టించాక చెప్పలేరు. దాన్ని ఇంకొకరికి అమ్మి చేతులు దులుపుకోవడమూ ఇలాంటి పనే.

వ్యాపారి పెట్టిన ఆ వాయిస్ మెసేజ్‌ను మీరు బెదిరింపు అనుకోవచ్చు. నాకైతే మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం అదే. ఇంజిన్ మీద నంబరు లేదని తనకు తెలుసని అతనే తన గొంతుతో ఒప్పుకున్నాడు. దానికి "సరే" అనో "చూద్దాం" అనో జవాబు పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే దాన్ని చెరపకండి, లాయరుకి ఉన్నదున్నట్టు చూపించండి. ఫోన్‌లోని మెసేజ్‌లు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ల ప్రింటు ఒక్కటే చాలదు, అసలు ఫోన్ ఉండాలి.

ఎనభై వేలు చేతికిచ్చి రసీదు తీసుకోకపోవడం మాత్రం క్షమించరాని అజాగ్రత్త. కుంకుడుకాయలు కొన్నా బిల్లు అడుగుతారు, ఇంజిన్ కొని అడగలేదు. అతను రేపు ఆ ఎనభై వేలు ముట్టలేదంటే? మార్చిలో ఆ డబ్బు బ్యాంకులో తీసి ఉంటే స్టేట్‌మెంట్ తెప్పించండి. ఎవరి దగ్గరైనా తెచ్చి ఉంటే వాళ్లు సాక్షులు. మీతో మెకానిక్ వచ్చి ఉంటే అతని సాక్ష్యం ముఖ్యం. తర్వాతి మెసేజ్‌లలో ఎక్కడైనా "లక్షా నలభై" అనో "మొత్తం డబ్బు ముట్టింది" అనో అతను రాసి ఉంటే వెతికి పట్టుకోండి. తెల్లకాగితం చీటీని లామినేషన్ చేయించకండి, ఒరిజినల్‌ని అలాగే కవరులో పెట్టండి.

చీటింగ్ కేసు గురించి అడిగారు. సరుకు ఇవ్వకపోవడం, మాట తప్పడం దానంతట అదే మోసం నేరం కాదు. డబ్బు తీసుకున్న నాడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. గేర్‌బాక్సు విషయంలో అది కష్టం. ఇంజిన్ విషయంలో, నంబరు అరిగిందని తెలిసే అమ్మాడు కాబట్టి, కొంత ఆధారం ఉంది. కానీ పోలీసు స్టేషన్‌కి వెళ్తే డబ్బు వసూలవుతుందన్న ఆశతో మాత్రం వెళ్లకండి. అక్కడ మొదటి ప్రశ్న "ఆ ఇంజిన్ ఎక్కడుంది?" అని. అది మీ ఇంట్లో ఉంది. అందుకే ముందుగా లాయరు చేత స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. ఆ ఇంజిన్ ఏ బండిది, ఆ బండి ఆర్సీ రద్దయిన కాగితం ఏది, స్క్రాపింగ్ కేంద్రం నుంచి కొన్నాడా, వేలంలో కొన్నాడా, బిల్లు ఎక్కడ అని అడగాలి. పదిహేను రోజుల గడువు ఇవ్వండి. సమాధానం రాకపోతే నోటీసు కాపీ జతచేసి, ఇంజిన్ మీ దగ్గర ఉందని మీరే చెబుతూ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. వాళ్లు కనిపెట్టేలోపు మీరే చెప్పడంలోనే మీ రక్షణ అంతా ఉంది.

డబ్బు విషయంలో గడువులు జాగ్రత్తగా చూడండి. వస్తువు మీద తనకు అమ్మే హక్కు ఉందన్న హామీ అమ్మకందారు ఇచ్చినట్టే లెక్క అని సరుకుల విక్రయ చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. మీ క్లెయిముకి పునాది ఇదే. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్లు. ఇంజిన్ 2024 మేలో వచ్చింది కాబట్టి ఆ భాగానికి గడువు 2026 మేతో ముగుస్తుంది. దాటితే ఆలస్యానికి కారణం చూపి మాఫీ అడగాలి, ఇస్తారన్న నమ్మకం లేదు. సివిల్ దావాకి మూడేళ్లు, అంటే 2027 మే. సంక్రాంతి మాట తప్పిన మిగతా సామాన్లకు 2025 జనవరి నుంచి లెక్క వేయవచ్చు కానీ అవతలి లాయరు 2024 నుంచే వేయాలంటాడు. మీరు మాత్రం అన్నిటికీ ముందు తేదీనే పట్టుకోండి. లీగల్ నోటీసు ఇచ్చేశాం కదా, గడువు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ఫోన్‌లో "ఇస్తాలే" అన్న నోటిమాటతోనూ పెరగదు. బాకీని ఒప్పుకుంటూ, గడువు ముగియకముందే, సంతకం పెట్టి రాసిస్తేనే గడువు కొత్తగా మొదలవుతుంది.

కమిషన్‌లో ఫిర్యాదు మీ ఊరు ఏ కమిషన్ పరిధిలోకి వస్తుందో అక్కడే వేయవచ్చు, విజయవాడ తిరగక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. జీపుతో కొబ్బరి లోడ్లు తోలే ఆలోచన ఉంటే మాత్రం ఆ సంగతి ముందే లాయరుకి చెప్పండి. వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కాదు అన్న అభ్యంతరం వస్తుంది.

జీపు దగ్గరికి వద్దాం. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీద ఉండటం నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. యజమాని చనిపోతే ముప్పై రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో బదిలీకి దరఖాస్తు పెట్టాలి. 2021 నుంచి ఎందుకు ఆగారు? చట్టం దృష్టిలో మీరు యజమాని కాదు, మీ పేరున అనుమతి అడిగినా తీసుకోరు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అమ్మగారు, తోబుట్టువుల నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు పట్టుకుని అమలాపురం రవాణా కార్యాలయానికి వెళ్లండి. ఆలస్యానికి రుసుము పడుతుంది, కట్టండి. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో మీరు రాయలేదు. అయిపోయి ఉంటే పునరుద్ధరణకి బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. ఇన్‌స్పెక్టరు చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిచూస్తారు. ఆ రోజు జీపులో ఉండాల్సింది పాత ఇంజిన్. మెకానిక్‌ని పిలిచి ఎక్కించేయండి.

మీకు తట్టని మరో దారి ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లు, జీపులకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021 నుంచి ఉన్నాయి. మొదటిసారి ఫీజు 20,000, పదేళ్ల వరకు చెల్లుతుంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. రోజువారీ వాడకానికి కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకి, మరమ్మతుకి తీసుకెళ్లవచ్చు. ఇంజిన్ మార్చిన బండికి మాత్రం ఇది దొరకదు. 1968 నాటి మీ జీపు ఈ అర్హతను ఇప్పటిదాకా నిలబెట్టుకుంది. డీజిల్ ఇంజిన్ బిగిస్తే పోతుంది.

అయినా డీజిలే కావాలంటే, ఆర్సీ మీ పేరుకి మారాక, ఏ సామానూ బిగించకముందు రిజిస్టరింగ్ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. మహీంద్రా కంపెనీయే ఇలాంటి జీపును ప్యూజో డీజిల్ ఇంజిన్‌తో ఎంఎం 540 పేరుతో తయారుచేసిందని అందులో రాయండి. అది వాదన మాత్రమే, హక్కు కాదు. జయచంద్ర తీర్పు తర్వాత తిరస్కరించే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. కాదంటే రాతపూర్వక ఉత్తర్వు అడగండి. దాని మీద 57వ సెక్షన్ కింద ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. తోట పనికి డీజిల్ బండి తప్పదనుకుంటే, ఆర్సీ సక్రమంగా ఉన్న ఎంఎం 540ని కొనడం ఈ డబ్బుకి మేలైన దారి. వచ్చిన ఇంజిన్‌ను ఎక్కడున్నదక్కడే ఉంచి, నలువైపులా ఫొటోలు తీసి, ఈ వారంలోనే రాజోలు కోర్టు దగ్గర ఒక న్యాయవాదికి ఫోన్, చీటీ, ఆర్సీ మూడూ చూపించండి. ఆయన చూసేదాకా ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయించకండి.